పితూరీ పోయి బొమ్మ మిగిలింది

జులై 4 వచ్చిందంటే మన స్కూళ్లలో సీతారామరాజులు పుట్టుకొస్తారు. కాషాయం పంచె, మెడలో రుద్రాక్షలు, చీపురుపుల్లల బాణాలు, దూదికి నల్లరంగు పూసి అంటించిన గడ్డం. ఒక ఏడాది మా మేనల్లుడికి ఆ వేషం కట్టే పని నా మీద పడింది. గడ్డం అంటించిన పది నిమిషాలకే దురదని గోల పెట్టాడు. అద్దం ముందు నిలబడి విల్లు అటూ ఇటూ తిప్పుతూ, "మామయ్యా, ఈయన పోలీస్ స్టేషన్లో తుపాకులు ఎత్తుకుపోయాడట కదా, మరి దొంగేగా?" అన్నాడు. "దొంగేంట్రా, స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువాళ్లతో పోరాడాడు" అన్నాను. వాడు తలూపాడు. ఇంతలో పాట మొదలైంది, స్టేజీ ఎక్కేశాడు.

నేను చెప్పిన జవాబు తప్పేం కాదు. కానీ చాలదు. పిల్లాడు అడిగిన ప్రశ్న దగ్గరే వందేళ్ల కింద మద్రాసు ప్రభుత్వం తేల్చిపారేసింది, కాంగ్రెస్ పెద్దలు తటపటాయించారు, మన్యం ఊళ్లు ప్రాణాలొడ్డాయి. తల మీద 10,000 రూపాయల వెల కట్టించుకున్న మనిషి పేరు ఇవాళ ఒక జిల్లాకు ఉంది. ఆ రెంటి మధ్య దూరం ఎలా తీరింది, దారిలో ఏం కలిసింది, ఏం జారిపోయింది అన్నది విప్పి చూడాల్సిన చిక్కుముడే.

ఒక మాట బతుకు

1922 నాటి సర్కారు కాగితాల్లో రాజు స్వాతంత్ర్య యోధుడు కాడు, ఫితూరీదారు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరిన ఆ మాటకు అప్పట్లో తిరుగుబాటు, అల్లరి, కుట్ర అని అర్థం. గోదావరి, విశాఖ ఏజెన్సీల గురించి రాసిన ఇంగ్లీషు అధికారులు దాన్ని తర్జుమా కూడా చేయకుండా ఉన్నదున్నట్టు వాడేసుకున్నారు. మన నోట అది పితూరీ అయ్యింది. ఇప్పుడు పితూరీ అంటే ఏమిటి? పక్క బెంచీవాడి మీద మాస్టారికి చాడీ చెప్పడం. కోడలి మీద అత్తగారికి మోసే కబురు. కొండల్ని కుదిపిన మాట చివరికి క్లాసు రూములోకొచ్చి కూర్చుంది.

ఇలాంటిదే ఇంకోటుంది, కాస్త నవ్వొచ్చేది. రాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటను చుట్టుపక్కల చాలామంది పూర్తిగా పలకరు, కె.డి.పేట అనేస్తారు. పోలీసులు పాత నేరస్తులకు పెట్టుకున్న జాబితా కేడీ లిస్టు. "వాడొట్టి కేడీ" అనే తిట్టు మనకు దొరికింది అందులోంచే. ఊరి పేరుకూ ఆ తిట్టుకూ ఏ సంబంధమూ లేదు, అనుకోకుండా కుదిరిందంతే. అయినా ఆ పేరు విన్నప్పుడల్లా నాకు అద్దం ముందు నిలబడిన మేనల్లుడే కళ్లలో మెదులుతాడు.

రాజు కంటే ముందు

మన్యంలో పితూరీలు రాజుతో మొదలవలేదు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప కొండల తిరుగుబాట్ల లెక్క 1839 దగ్గర మొదలుపెట్టి 1924 దాకా తెచ్చాడు. అంటే రాజుది ఆ వరసలో ఆఖరిది. ముందున్నవాటి సంగతి తెలియకపోతే, మైదానం నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు పిలవగానే మూడొందల మంది విల్లంబులు పట్టుకుని ఎందుకు కదిలారో అర్థం కాదు. ఏదో మంత్రం వేశాడనిపిస్తుంది. (మంత్రం సంగతీ ఉంది, దానికి వస్తాను.)

మన్యంలో కొన్ని ఊళ్లు కలిపితే ఒక ముఠా. దాని మీద ముఠాదారు. శిస్తు వసూలు చేసేది ఆయనే, తగవు తీర్చేదీ ఆయనే, పండగలో ముందు నిలబడేదీ ఆయనే. కొండ మనిషికి ముఠాదారు మంచివాడో చెడ్డవాడో గానీ తనవాడు. కంపెనీ వాళ్లు, తర్వాత దొరతనం వారు ఈ ఏర్పాటును తీసేయలేదు. తమకు పనికొచ్చేలా వంచుకున్నారు. ముఠాదారు చేతికి సనదు, అంటే అధికార పత్రం, ఇచ్చారు. ఇచ్చినవాళ్లు తీసుకోగలరు కూడా. మాట వినని ముఠాదారు రాత్రికి రాత్రి మాజీ అయిపోయేవాడు.

రంపలో 1879లో పేలింది కల్లు మీద. జీలుగు చెట్టుకు, తాటిచెట్టుకు సొంతానికి కల్లు గీసుకోవడం కొండల్లో ఎవరినీ అడగాల్సిన పని కాదు. దాని మీద కొత్త ఆబ్కారీ నిబంధన వచ్చింది, కాంట్రాక్టర్లు వచ్చారు, పైగా సర్కారు కింద రంపను ఏలే మన్సబ్‌దారు తన వంతు పన్ను వేశాడు. కింద నుంచి వచ్చిన షావుకార్లు అప్పులిచ్చి, కోర్టు కాగితంతో పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. ఆ ఏడాది మార్చిలో పోలీస్ స్టేషన్ల మీద దాడులు మొదలయ్యాయి. పక్క ఏజెన్సీలకూ పాకాయి. ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దీని బరువు తెలియాలంటే పోడు అంటే ఏమిటో తెలియాలి. ఎండాకాలంలో కొండవాలు మీద పొదలు నరికి అక్కడే ఎండబెడతారు. తొలకరి ముందు నిప్పు పెడతారు. వాన పడ్డాక ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లుతారు. రెండు మూడేళ్లకు నేల సారం తగ్గాక దాన్ని వదిలి ఇంకో వాలుకు పోతారు, పాతది మళ్లీ అడవి అవుతుంది. కాగితం మీద చూసేవాడికి ఇది అడవిని తగలబెట్టడం. చేసేవాడికి ఏడాది తిండి. రిజర్వు ఫారెస్టు అని గీత గీసేసరికి తాతల నాటి సేద్యం నేరమైపోయింది. కట్టెపుల్ల ఏరుకున్నా, ఆవు గడ్డి మేసినా గార్డు చేతిలో పడాల్సిందే.

ఇక మంత్రం సంగతి. 1900లో విశాఖ జిల్లా సాలూరు కొండల వైపు కొర్రా మల్లయ్య అనే ఆయన తాను పాండవుల్లో ఒకడినన్నాడు, తన పసిబిడ్డ సాక్షాత్తూ కృష్ణుడన్నాడు. చుట్టూ వేలమంది పోగయ్యారు. వెదురు కర్రలు పట్టుకు రండి, అవి నా మాటతో తుపాకులవుతాయి, సర్కారు తుపాకులు నీళ్లవుతాయి అని ఆయన మాట. నీళ్లు కాలేదు, కాల్పులు జరిగాయి. పేపర్ చదివేవాళ్లకు ఇది నవ్వులాట కావచ్చు. తుపాకీ లేనివాడు తుపాకీ ఉన్నవాడి ఎదుట నిలబడాలంటే గుండెకు ఏదో ఒక ఆసరా కావాలి కదా. ఎక్కడి నుంచో ఒక మహిమ గలవాడు వస్తాడన్న నమ్మకం మన్యంలో రాజు రాకముందే తయారై ఉంది.

మూడు పోగుల తాడు

విశాఖ దగ్గర పాండ్రంగి రాజు అమ్మమ్మగారి ఊరు. పుట్టింది అక్కడే, 1897 జులై 4న. నాన్నగారి వైపు ఊరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫర్, కొడుకు చిన్నతనంలోనే పోయాడు. చదువు ఊరూరా తిరిగి ఎక్కడా నిలవలేదు. సన్యాసిలా ఉత్తరాది తీర్థాలు చూసి, కృష్ణదేవిపేట చేరాడు. మందులిచ్చేవాడు, జాతకం చూసేవాడు, తాగుడు మానమనేవాడు, తగవులు కోర్టుకు పోకుండా పంచాయితీలో తేల్చుకోమనేవాడు. ఖద్దరు కట్టేవాడు. గాంధీగారి సహాయ నిరాకరణ గాలి ఆయనకు సోకిందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

చరిత్ర కాగితాల్లో ఆయన శ్రీరామరాజు, లేదా ఉత్త రామరాజు. ముందున్న 'సీత' తర్వాత కలిసింది. ఆయన్ను ప్రేమించిన ఒక అమ్మాయి పేరు తన పేరులో కలుపుకున్నాడని కథ. దానికి ఆధారం దొరకదంటారు చరిత్రకారులు. ఆధారంతో మనకేం పని, సినిమాలో సీత ఉంది, పాట ఉంది. అసలు మనిషి పేరు మార్చేయగలిగిన కథ ఇంకేం మార్చలేదు?

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయిస్తున్నాడు. చలికాలంలో మంచు చూడ్డానికి లంబసింగి పోతూ కార్లలో మనం ఎక్కేది అటువైపు ఘాటే. రాళ్లు కొట్టి, చెట్లు కూల్చి ఆ దారి తీసింది కొండవాళ్లు. కూలి పేరుకే, ఎదురు చెబితే దెబ్బలు. రోడ్డు మీద వాళ్లకు కోపం లేదు, వెట్టి మీద ఉంది. బట్టిపనుకుల వైపు గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు ఉన్నారు. ఉన్న హోదా ఊడి, బాస్టియన్ పేరెత్తితే మండిపడేవాళ్లు.

నా లెక్కన ఆ పితూరీ మూడు పోగుల తాడు. ఒక పోగు గంటం దొరలాంటి వాళ్లది, పోయిన అధికారం తిరిగి రావాలి. రెండోది పోడు రైతుది, వెట్టి పోవాలి, గార్డు అడవిలోంచి పోవాలి. మూడోది రాజుది, దొరతనమే పోవాలి. మొదటి ఇద్దరి ఊహ కొండ అంచుల దగ్గర ఆగుతుంది. రాజు ఊహ ఆగదు. మూడూ పేనుకున్నంత కాలం తాడు తెగలేదు. ఇవాళ మన చేతిలో ఉన్నది మూడో పోగు ఒక్కటే.

తర్వాత జరిగింది తెలిసిన కథే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు. తీసుకున్న సరుకంతా స్టేషన్ పుస్తకంలో రాయించి కింద సంతకం పెట్టాడంటారు. నా మేనల్లుడికి ఇది చెప్పాల్సింది, ఏ దొంగా రసీదు ఇచ్చి పోడు. తర్వాత దాడులకు ముందే కబురు పంపేవాడనీ, ఆ ఉత్తరాలకు మిరపకాయ కట్టి ఉండేదనీ, అందుకే మిరపకాయ టపా అన్నారనీ ఊళ్లలో చెప్పుకుంటారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ముందు నడిచిన భారతీయ పోలీసుల్ని రాజు దళం పోనిచ్చింది, వెనక వచ్చిన దొరల మీదే గురిపెట్టింది. మామూలు పితూరీకీ దీనికీ తేడా అక్కడే కనబడుతుంది. ఆ దెబ్బతో మలబారు స్పెషల్ పోలీసుల్ని రప్పించారు, తర్వాత అస్సాం రైఫిల్స్ కూడా దిగాయి. పెద్దగడ్డపాలెం దగ్గర 1922 డిసెంబరులో గట్టి దెబ్బ తగిలింది. 1923లో మల్లు దొర దొరికిపోయాడు. ఊళ్ల మీద జులుం పెరిగింది, అన్నం పెట్టిన ఇంటికల్లా కష్టం వచ్చింది.

1924 మే 7న మంప దగ్గర రాజు పట్టుబడ్డాడు. కొయ్యూరు తెచ్చాక కాల్చి చంపారు. పారిపోబోతే కాల్చామన్నది సర్కారు మాట. మంచం నులకకో చెట్టుకో కట్టి కాల్చారన్నది జనం మాట, ఆ కాల్చినవాడు మేజర్ గుడాల్. శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చి, ఫోటో తీయించి, తాండవ నది ఒడ్డున దహనం చేశారు. ఫోటోగ్రాఫర్ కొడుకు అలా కెమెరా ముందుకొచ్చాడు. ఇళ్ల గోడల మీదా క్యాలెండర్లలోనూ మనం చూసే ఆ విల్లంబుల బొమ్మ చిత్రకారులు కట్టిన రూపమే. ఆయన పోలేదు, తప్పించుకుని ఎక్కడో సాధువుగా ఉన్నాడు అని చాలాకాలం జనం చెప్పుకున్నారు.

నాయకులు వెనకా, బుర్రకథ ముందూ

ఇక్కడి నుంచి అసలు చిక్కు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు సహాయ నిరాకరణ ఆపేశారు. ఆరు నెలలకు మన్యంలో తుపాకులు పేలాయి. ఆంధ్ర కాంగ్రెస్ పెద్దలకు ఇది మింగుడు పడలేదు. పైన అహింస అని కూర్చుని, కింద ఒకడు ఖద్దరు కట్టుకుని స్టేషన్లు కొల్లగొడుతుంటే ఏమనాలి? దూరం జరిగారు. చనిపోయాక గానీ నోరు పెగల్లేదు. 1929లో గాంధీగారే యంగ్ ఇండియాలో రాశారు. సాయుధ తిరుగుబాటును తాను మెచ్చుకోలేననీ, అయినా అంతటి ధైర్యం, త్యాగం, నిరాడంబరత గల యువకుడికి నమస్కరించకుండా ఉండలేననీ ఆ రాత సారాంశం. ఆ ఒక్క ముక్కతో రాజుకు మైదానంలో పాసు దొరికినట్టయింది. ఫితూరీదారు దేశభక్తుడయ్యాడు. ఆయన చేసిన పని మాత్రం పక్కన ఉండిపోయింది, ఆయన గుణం ముందుకొచ్చింది.

జనం దగ్గరకు రాజును మోసుకొచ్చింది రాత కంటే గొంతు. నలభైల్లో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి వాళ్లు పాత జంగం కథ తీరును కొత్త పనికి పట్టారు, అదే బుర్రకథ. మధ్యలో కథకుడు తంబురా మీటుతాడు, పక్కన ఇద్దరు డక్కీలు వాయిస్తారు. వాళ్లలో ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. రాజు కథ ఆ మూడు గొంతులకు అచ్చంగా సరిపోయింది. హాస్యగాడు తహసీల్దారును దులిపేయొచ్చు, రాజకీయం చెప్పేవాడు కథను ఆపి నిన్నటి పేపర్లో సంగతి కలిపేయొచ్చు. షేక్ నాజర్ గొంతులో ఆ కథ తెర మీదకూ వెళ్లింది, 1954లో వచ్చిన అగ్గిరాముడులో ఉంది. అది రాజు జీవిత కథ కాదు, వేరే కథ మధ్యలో వచ్చే బుర్రకథ. అయినా సరే, టూరింగ్ టాకీస్‌లో నేల టిక్కెట్టు కొన్న మనిషికి రాజు అప్పుడే పరిచయం.

ఆ తరానికి రాజు ఎర్రజెండాకు దగ్గరివాడు. శ్రీకాకుళం గిరిజన పోరాటం వచ్చాక ఇంకా దగ్గరయ్యాడు. విప్లవ రచయితల సంఘం పుట్టింది 1970 జులై 4న, మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. నాలుగేళ్లు తిరక్కముందే అదే శ్రీశ్రీ, పద్మాలయా వాళ్ల సినిమాకు "తెలుగు వీర లేవరా" రాశాడు.

కృష్ణ గడ్డం

1974 మే 1న అల్లూరి సీతారామరాజు విడుదలైంది. రాజు పోయి యాభై ఏళ్లు నిండడానికి ఇంకా వారం ఉంది. కృష్ణకు అది నూరో సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే చనిపోతే మిగతాది కృష్ణ పూర్తిచేశాడు. ఎన్టీఆర్‌కు కూడా ఈ వేషం మీద మోజుండేదన్నది అందరికీ తెలిసిందే. శ్రీశ్రీ పాటకు జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు పాటకు అదే మొదటిసారి.

ఆ సినిమా చేసిన పని చిన్నది కాదు. అది వచ్చాక రాజు ముఖం కృష్ణ ముఖమైంది. స్టేజీ మీద పిల్లల గడ్డాలు కృష్ణ గడ్డాలే. రాజును అణచడానికి సర్కారు పంపిన అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య అంత గొప్పగా చేశాడు కాబట్టి మనందరికీ రూథర్‌ఫర్డ్ గుర్తున్నాడు, గుడాల్ పేరు ఎవరికీ తెలియదు. ఇంకోటి గమనించాలి. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర, రెండు ఉద్యమాలు చూసి తెలుగువాళ్ల మనసులు విరిగి ఉన్న రోజులవి. సరిగ్గా అప్పుడు 'తెలుగు వీర' అని పిలిచే పాట వచ్చింది. ఏ ప్రాంతం అనకుండా, ఏ కులం అనకుండా. కావాలని చేశారని నేననను, కానీ ఆ పిలుపు అంత గట్టిగా తగలడానికి ఆ రోజులూ కారణమే అనిపిస్తుంది. లాభం ఎంతో నష్టమూ అంత. కొండ మనిషి పితూరీ తెలుగు వీరుడి కథ అయ్యేసరికి, కొండ వెనక సీనరీ అయిపోయింది.

తర్వాతి మలుపు మరీ విచిత్రం. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. రాజునూ, నిజాం మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్‌నూ స్నేహితుల్ని చేసింది. వాళ్లిద్దరూ ఎన్నడూ కలిసినవాళ్లు కారు, అది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు కాబట్టి పేచీ లేదు. నాకు వింతగా తోచింది వేరే. మూడు స్టేషన్లు కొల్లగొట్టిన మనిషి ఆ సినిమాలో చాలాసేపు పోలీసు యూనిఫాంలో ఉంటాడు. చివర్లో కాషాయం కట్టి విల్లు పడితే అచ్చం శ్రీరాముడే. అమెరికాలో తెలుగువాళ్లు ఇంటి పక్క తెల్లవాళ్లకు టికెట్లు కొనిచ్చి మరీ చూపించారు. సినిమాగా నాకూ నచ్చింది, దాచుకోవడం ఎందుకు. కానీ బయటికొచ్చాక పక్క సీటు కుర్రాణ్ని 'పోడు అంటే ఏంటి' అని అడిగితే ఏమంటాడు?

ఎవరి రాజు

మోగల్లు మాదంటే, పుట్టింది మా దగ్గరని పాండ్రంగి అంటుంది. 2022 జులై 4న నూట పాతికేళ్ల జయంతికి ప్రధాని నరేంద్ర మోదీ వచ్చి 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించింది మాత్రం భీమవరంలో. క్షత్రియ సంఘాలు తమవాడంటాయి, కమ్యూనిస్టులు తమవాడంటారు, కాషాయం చూసి ఇంకొకరు తమవాడంటారు. మే 7న దండ వేయని పార్టీ లేదు. అందరూ ఒప్పుకునే మనిషి దొరకడం మన రాజకీయాల్లో కష్టం, ఆ మాటకొస్తే ఇదీ ఒక ఘనతే. ప్రతివాడూ తనకు కావలసిన పోగు లాక్కుపోతే వచ్చే ఏకాభిప్రాయం అది.

అదే ఏడాది ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. మొదటి దాడి జరిగిన చింతపల్లి, ప్రాణం పోయిన కొయ్యూరు ఆ జిల్లాలోకి వచ్చాయి. సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం గొలుగొండ మండలం, అనకాపల్లి జిల్లా. గీత గీసినవాళ్లకు వాళ్ల లెక్కలుంటాయి.

మరి గంటం దొర? రాజు పోయిన నెల రోజులకే ఆయన్నూ కాల్చేశారు. మల్లు దొరది ఇంకా ఆశ్చర్యం. ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకు గెలిచాడు. తెల్లదొర జమానాలో తలకు వెల, గణతంత్రంలో పార్లమెంటు సీటు. మేనల్లుడి ప్రశ్నకు ఇంతకంటే నిండైన జవాబు ఉండదు. అయినా మల్లు దొర వేషం వేసిన పిల్లాణ్ని నేనింతవరకు ఏ స్కూల్లోనూ చూడలేదు. పాలమూరు వైపు, ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచాడని చెప్పుకునే పండుగ సాయన్నను జనం పాటలో బతికించుకున్నట్టు, గాం అన్నదమ్ముల్ని బతికించే పాట మైదానం దాకా దిగిరాలేదు.

రాజు పేరు పెరిగినంతగా ఆ రెండో పోగు, పోడు రైతు సంగతి తేలలేదు. పోనీ ఏమీ జరగలేదా అంటే, జరిగింది. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టిపరిచారు, ఏజెన్సీలో ఎవరినడిగినా 1/70 అని చెప్పేది అదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని ప్రైవేటు కంపెనీల గనులకు లీజుకివ్వొద్దంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, పోడు పట్టాలు వచ్చాయి. 1882లో గీసిన గీత కొంచెం వెనక్కి జరిగింది. కానీ 2015లో ఆ చింతపల్లి అడవిలోనే 1,212 హెక్టార్లు బాక్సైట్ తవ్వకానికి మళ్లిస్తూ జీవో 97 వచ్చింది. కొండలు మళ్లీ కదిలాయి, ఈసారి విల్లంబులు ఫ్లెక్సీల మీద. 2019లో ఆ జీవో రద్దయింది. ఆ ధర్నాల్లో రాజు పేరు వినబడింది, అటవీ శాఖ జవాబుల్లో పోడు అన్న మాట వినబడింది. 1922 నాటి సంభాషణే, మనుషులు మారారు.

మైదానంలో మనకు రాజు ఏడాదికి రెండు రోజులు. కొండల్లో వానాకాలం వస్తే, రోడ్డు లేని ఊళ్లలో పురిటినొప్పులు పడుతున్న మనిషిని దుప్పట్లో వేసి, ఆ దుప్పటి కొసలు వెదురు కర్రకు కట్టి, ముందు ఒకరు వెనక ఒకరు భుజాన వేసుకుని గెడ్డ దాటుతారు. దాన్ని డోలీ మోత అంటారు. అంబులెన్స్ ఆగే చోటు చేరడానికి గంటలు పడుతుంది. వెట్టికి రోడ్డు వేయించినందుకు వందేళ్ల కింద తిరగబడిన ఆ కొండల్లోంచే, సోమవారం సోమవారం పాడేరు కలెక్టరేట్‌లో అర్జీల వరస దగ్గరికి మనుషులు దిగి వస్తారు. కాగితంలో మొదటి కోరిక ఒకటే ఉంటుంది: మా ఊరికి రోడ్డు వేయించండి.